మోకాళ్ళ నొప్పులున్న పెద్దవయసు పైలట్‌కు ఏ చిన్న విమానం నయం?

మీకు 65 దాటాయని, మోకాళ్ళు సహకరించడం లేదని, సెస్నా 172, పైపర్ చెరోకీ, డైమండ్ డీఏ40లలో ఏది ఎంచుకోవాలో తేలడం లేదని అడిగారు. నాకు 68. మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరి బల్లార్‌పూర్‌లో ఉంటాను, బొగ్గు గనుల్లో పనిచేసి పదవీ విరమణ పొందాను. ఈ మూడింటినీ నడిపిన అనుభవంతో చెబుతున్నాను.

సీటు మెత్తదనం చూసి నిర్ణయించుకోకండి. ఎక్కడం, దిగడం, ఎగిరే ముందు చుట్టూ తిరిగి చేసే తనిఖీ, ఇవే మన వయసులో అసలు శ్రమ. చెరోకీకి తలుపు ఒక్కటే, అదీ కుడి రెక్క మీదికి తెరుచుకుంటుంది. ఎడమ సీటులో కూర్చోవలసిన పైలట్ రెక్క ఎక్కి, నడుము వంచి, కుడి సీటు మీదుగా జరుగుతూ లోపలికి పోవాలి. దిగేటప్పుడు పక్కవారు దిగేదాకా ఆ ఉక్కలోనే కూర్చోవాలి. కుడి మోకాలికి ఆపరేషన్ జరిగిన ఆరు నెలలకు నేను అలా జరుగుతూ సగంలో ఇరుక్కుపోతే, మా అల్లుడు రెక్క మీద నిలబడి చంకల కింద చేతులు వేసి బయటికి లాగాడు. అప్పటి నుంచి దాని జోలికి పోలేదు. ఒక్క సుఖం ఒప్పుకోవాలి: ఇంధనం మూత నేల మీద నిలబడే తీయవచ్చు.

సెస్నా 172లో అంతా తలకిందులు. రెండు వైపులా తలుపులున్నాయి, ఇంచుమించు జీపులోకి ఎక్కినట్టు ఎక్కవచ్చు. కానీ ట్యాంకులు తలపైన రెక్కల్లో ఉంటాయి కనుక పుల్ల ముంచి ఇంధనం కొలవడానికి పైకి ఎక్కక తప్పదు. నేను మడత నిచ్చెన వెంట తీసుకువెళతాను. రెక్క వెనక అంచు సరిగ్గా నుదుటి ఎత్తులో ఉంటుంది. నా బట్టతల మీద దాని గుర్తు ఇప్పటికీ ఉంది.

డీఏ40 నడక హాయిగా ఉంటుంది. కొత్త డీజిల్ రకం జెట్ ఇంధనంతోనే నడుస్తుంది కనుక, అవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోలు) అన్నిచోట్లా దొరకని మన దేశంలో అదొక మేలు. అయితే దాని ముందు చక్రం పెడల్స్‌కు కలిసి ఉండదు. నేల మీద మలుపు తిప్పాలంటే ఒకవైపు బ్రేకు తొక్కాలి, చీలమండ నొప్పి ఉంటే అది తెలిసివస్తుంది. పైగా కప్పంతా అద్దం. మా చంద్రపూర్ మే ఎండలో అది పొయ్యి మీది మూకుడే, 172 రెక్క మాత్రం గొడుగు పట్టినట్టు నీడనిస్తుంది. 45 డిగ్రీల వేడికి గాలి పలచబడి, మా ప్రాంతపు రన్‌వే మీద కూడా ఇంజిన్, రెక్కలు 4,000 అడుగులకు పైగా ఎత్తులో ఉన్నట్టే బలహీనంగా పనిచేస్తాయి కనుక, ఏది కొన్నా వేసవిలో ఇద్దరితో, తెల్లవారుజామునే ఎగరండి.

నా ఓటు 172కే. అయితే ఏ మోకాలు నొప్పో మీరు రాయలేదు. ఎడమ తలుపు నుంచి ఎక్కేటప్పుడు కుడికాలు ముందు లోపలికి పోతుంది, ఒంటి బరువంతా ఎడమకాలి మీద ఆగుతుంది, దిగేటప్పుడూ అదే ముందు నేలను తాకుతుంది. మీది ఎడమ మోకాలైతే, బయానా ఇచ్చే ముందు ఓ గంటసేపు అందులో కూర్చుని, ఆ తరువాత దిగి చూడండి.