శిక్షకురాలు కావాలంటే ముందు కాపీలు దిద్దాలి

ప్రశ్న: వరంగల్‌లో ఎంసీజే (జర్నలిజం పీజీ) రెండో ఏడాది చదువుతున్నాను. అంతకుముందు నాలుగేళ్లు ఓ దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. ఈమధ్య సొల్యూషన్స్ జర్నలిజంపై (సమస్యతో పాటు, దానికి జరిగిన ప్రయత్నం ఎంతవరకు ఫలించిందో రుజువులతో రాసే పద్ధతి) రెండు రోజుల శిక్షణకు వెళ్లొచ్చాక, దీన్నే తోటి విలేకరులకు నేర్పాలనిపిస్తోంది. దీనికి ప్రత్యేక కోర్సు ఉందా? అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాయాలా? ఈ ఒక్క పని మీదే బతకొచ్చా?

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడదాం. ఈ ఒక్క పని మీదే బతకడం ఇప్పట్లో కష్టం. ఈ పేరుతో నోటిఫికేషన్లు పడవు. జర్నలిజం కళాశాలల్లో గెస్ట్ క్లాసులు, మీడియా అకాడమీల పునశ్చరణ తరగతులు, ఆరోగ్యం, వ్యవసాయం వంటి రంగాల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థల వర్క్‌షాప్‌లు, అప్పుడప్పుడు ఫెలోషిప్‌లు... ఇవే దారులు. ఒక నెల నాలుగు పిలుపులొస్తాయి, తర్వాత మూడు నెలలు ఒక్కటీ రాదు. కాబట్టి కనీసం రెండు మూడేళ్లు డెస్కు ఉద్యోగమో, అధ్యాపక ఉద్యోగమో చేతిలో ఉంచుకుని దీన్ని పక్కన పెంచుకోండి.

కోర్సు సంగతి. న్యూయార్క్ టైమ్స్‌లో 2010లో 'ఫిక్సెస్' కాలమ్ మొదలుపెట్టిన డేవిడ్ బోర్న్‌స్టీన్, టీనా రోజెన్‌బర్గ్, మరో జర్నలిస్టు కోర్ట్నీ మార్టిన్ కలిసి 2013లో సొల్యూషన్స్ జర్నలిజం నెట్‌వర్క్‌ను స్థాపించారు. వాళ్ల పాఠాలు, కథనాల భాండాగారం ఆన్‌లైన్‌లో ఉచితం. డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో 2017 నుంచి కన్‌స్ట్రక్టివ్ ఇన్‌స్టిట్యూట్ దీనికి దగ్గరి పని చేస్తోంది. చదవాల్సినదంతా నెల రోజుల్లో చదివేయొచ్చు. అయితే అదంతా ఇంగ్లీషులో, రెండు వేల పదాల కథనాలు రాసే న్యూస్‌రూమ్‌ల కోసం తయారైంది. మన విలేకరికి జిల్లా పేజీలో దొరికే చోటు 250 పదాలు. ఆ కొలతలో దాన్ని ఇమిడ్చి చూపగలవాళ్లు తక్కువ. మీ నాలుగేళ్ల డెస్కు అనుభవం అక్కరకొచ్చేది అక్కడే.

ఒకరికి నేర్పి, వాళ్ల చేత మరికొందరికి నేర్పించడం మనకు కొత్త కాదు. 2018లో గూగుల్ న్యూస్ ఇనిషియేటివ్ వార్తల నిర్ధారణపై 200 మంది జర్నలిస్టులను ట్రైనర్లుగా తయారుచేసి, వాళ్ల ద్వారా ఏడాదిలో 8,000 మందికి శిక్షణ ఇప్పిస్తామని ప్రకటించింది. అంటే ఒక్కొక్కరు నలభై మందికి. ఆ విషయానికి ఆ లెక్క సరిపోతుంది. ఫొటో పాతదో కొత్తదో వెతికి పట్టుకునే పద్ధతి ఎవరు చెప్పినా ఒకటే, గంటలో చేతికొస్తుంది. సొల్యూషన్స్ రిపోర్టింగ్ అలా కాదు. ఒక కథనంలో రుజువు చాలిందా లేదా అన్నది ప్రతిసారీ కొత్తగా తేల్చుకోవాలి. జిరాక్స్ తీసినట్టు పంచిపెడితే మూడో చేతికి వెళ్లేసరికి అది 'పాజిటివ్ వార్తలు రాయండి' అన్న ఉపదేశంగా మారిపోతుంది. మన దగ్గర జరిగే పొరపాట్లలో సగం ఇక్కడే పుడుతున్నాయి.

ఎందుకంటే తెలుగు పత్రికల్లో దీన్ని పోలిన సరుకు ముందే ఉంది. దాని పేరు విజయగాథ. 'ఆదర్శ సర్పంచ్', 'స్ఫూర్తినిస్తున్న రైతు' తరహా కథనాలు రాయని విలేకరి ఉండరు. మీ దగ్గరికి శిక్షణకు వచ్చేవాళ్లలో చాలామంది 'ఇది మేం ఎప్పటి నుంచో రాస్తున్నదే కదా' అనుకుంటూ కూర్చుంటారు. ఆ అపోహను మొదటి గంటలో తీయలేకపోతే మిగతా రెండు రోజులూ వృథా.

దాన్ని తీయడానికి ఉపన్యాసం పనికిరాదు, రంగు పెన్నులు పనికొస్తాయి. ఒకే అంశం మీద మూడు కథనాలు అచ్చు తీసి ఇవ్వండి: ఒకటి సమస్య కథనం, ఒకటి విజయగాథ, ఒకటి అసలైన సొల్యూషన్స్ కథనం. సమస్యకు ఎవరు ఏం చేశారో, ఎలా చేశారో చెప్పే వాక్యాల కింద ఆకుపచ్చ గీత. ఫలితానికి రుజువు చూపే వాక్యాలకు నీలం. మరో ఊరికి పనికొచ్చే పాఠానికి నలుపు. ఆ ప్రయత్నం ఎక్కడ తడబడింది, ఎవరికి అందలేదు అన్నదానికి ఎరుపు. ప్రయత్నం, రుజువు, పాఠం, పరిమితి అనే నాలుగు స్తంభాలు ఇవే. విజయగాథలో ఎరుపు అసలు కనిపించదు, నీలం ఒకటో రెండో వాక్యాలు, ఆకుపచ్చలో 'ఎలా' ఉండదు. సగానికి పైగా ఏ గీతా పడకుండా మిగిలిపోతుంది, ఎందుకంటే అది వ్యక్తి మీద పొగడ్త. కాగితం మీద ఆ ఖాళీని వాళ్ల కళ్లతో వాళ్లే చూడాలి.

తర్వాత ఒక్క ఉదాహరణను చివరిదాకా లాగండి. పది ఉదాహరణలు తలా రెండు నిమిషాలు చెప్పడం కంటే అదే మేలు. తెలంగాణ విలేకరులైతే సిజేరియన్లు మంచి అంశం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలోనే అత్యధికం. ఈ సర్వేకు ముందే, 2017లో రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్‌లోని ప్రసూతి ఆసుపత్రి ఫెర్నాండెజ్ సంస్థతో కలిసి స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ (సహజ కాన్పులు చేయించే) శిక్షణ మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం కూడా మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇప్పుడు ఓ విలేకరి తన ఏరియా ఆసుపత్రికి వెళ్లి 'మిడ్‌వైఫ్‌లు వచ్చాక ఇక్కడ సిజేరియన్లు తగ్గాయి' అని కాపీ (రాసిన కథనం) తెచ్చారనుకోండి. శిక్షకురాలిగా మీరు ఏం అడుగుతారు?

శాతాన్ని మొత్తం కాన్పుల సంఖ్యతో కలిపి ఎందుకు రాయలేదని మొదట అడగాలి. ఆ వెంటనే రిఫరల్ రిజిస్టర్ చూశారా అని అడగాలి. కష్టమైన కాన్పులన్నింటినీ జిల్లా ఆసుపత్రికి పంపేస్తే ఇక్కడి సిజేరియన్ల శాతం దానంతటదే తగ్గుతుంది. ఆ ఘనత మిడ్‌వైఫ్‌లది కాదు, అంబులెన్సుది. లేబర్ రూం రిజిస్టర్‌లో మిడ్‌వైఫ్‌లు రాకముందు ఆరు నెలలు, వచ్చాక ఆరు నెలలు తీసుకుని కాన్పులు, సిజేరియన్లు, రిఫరల్స్ మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. పేర్లు అక్కర్లేదు, నెలవారీ మొత్తాలు చాలు. సూపరింటెండెంట్ నోటి మాటగా ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. చట్టప్రకారం గడువు 30 రోజులు కనుక వర్క్‌షాప్‌కు ముందే ఈ దరఖాస్తులు పెట్టించడం తెలివైన పని.

పరిమితి కూడా ఆ సర్వేలోనే ఉంది. తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. మిడ్‌వైఫ్‌లను పెట్టింది ప్రభుత్వ ఆసుపత్రుల్లో. అంటే ఈ ప్రయత్నం ఎంత బాగా నడిచినా, సమస్య ఎక్కువున్న చోటును తాకడం లేదు. ఈ ఒక్క వాక్యం కాపీలో పడితే అది విజయగాథ కాకుండా పోతుంది.

వేరే దేశం కథనం ఒక్కటైనా చెప్పాలనుకుంటే క్లీవ్‌లాండ్‌ది చెప్పండి. అక్కడి ప్లెయిన్ డీలర్ పత్రిక పిల్లల ఒంట్లో చేరుతున్న సీసం విషం గురించి 2015లో వరుస కథనాలు రాసింది. పాత ఇళ్ల రంగుల్లోని సీసం దీనికి కారణం. సమస్య దగ్గరే ఆగకుండా న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరం ఏం చేసిందో చూసింది. ఆ నగరం 2005లోనే అద్దె ఇళ్లలో సీసం తనిఖీలు తప్పనిసరి చేసింది. పోల్చదగిన మరో నగరం చేసి చూపించాక 'ఇది మా వల్ల కాదు' అనడం అధికారులకు కష్టమవుతుంది. 2019లో క్లీవ్‌లాండ్ కూడా అద్దె ఇళ్లకు చట్టం తెచ్చింది. పక్క మండలంతో, పక్క జిల్లాతో పోల్చడం మన విలేకరికి ఇంతకంటే సులువు. జిల్లా పట్టికలో మిగతావాటికంటే మెరుగ్గా ఉన్న చోటును పట్టుకుని, ఎందుకని అడగడమే ఆ పద్ధతి.

ఇక వర్క్‌షాప్ నడపడంలో చిన్నవిగా కనిపించి పెద్ద దెబ్బ కొట్టే విషయాలున్నాయి. మంది 12 నుంచి 14 మించకూడదు. రెండో రోజు ఒక్కొక్కరితో విడిగా కూర్చుని కాపీ దిద్దాలి. మనిషికి 15 నిమిషాలు వేసుకున్నా 14 మందికి మూడున్నర గంటలు. అందుకే ఇద్దరు శిక్షకులు ఉండాలి. నలభై మందిని కూర్చోబెట్టి ఫొటో దిగడానికి నిర్వాహకులు ఇష్టపడతారు, మీరు ఒప్పుకోకండి. కంట్రిబ్యూటర్లు (మండల విలేకరులు) సాయంత్రం లోపు వార్తలు పంపాలి కాబట్టి మూడు దాటాక ఎవరి చెవీ మీ దగ్గర ఉండదు. తొమ్మిదికి మొదలుపెట్టి మూడున్నరకు ముగించండి. చాలామందికి ల్యాప్‌టాప్ ఉండదు, ఫోన్‌లోనే టైప్ చేస్తారు. ఇంగ్లీషు పీపీటీలు పక్కన పెట్టి తెలుగులో రెండు పేజీల కాగితం ఇవ్వండి. వచ్చేవాళ్లు ఖాళీ చేతులతో రాకూడదు: తమ బీట్‌లోని ఒక సమస్య ఒక్క వాక్యంలో, దానికి సంబంధించిన ఒక అంకె, ఆ అంకె ఎక్కడిదో రాసుకుని రావాలని వారం ముందే చెప్పాలి.

డెస్కును వదిలేసి విలేకరులకే నేర్పితే శ్రమంతా పోయేది అక్కడే. ఈ సంగతి మీకు చెప్పక్కర్లేదు. చోటు తక్కువైతే సబ్ ఎడిటర్ కత్తెర వేసేది కింది పేరాకే. పరిమితులను అందరూ చివర్లో రాస్తారు. విలేకరి నాలుగు స్తంభాలతో పంపిన కాపీ మర్నాడు మూడింటితో, పైన 'ఆదర్శ ఆసుపత్రి' అన్న శీర్షికతో అచ్చవుతుంది. దీనికి రెండు విరుగుళ్లు. పరిమితిని రెండో పేరాలోకి తీసుకురావడం నేర్పాలి. లేదా 60 పదాల బాక్సుగా, 'ఎక్కడ తడబడింది' అన్న ఉపశీర్షికతో విడిగా పంపించాలి. బాక్సును తీసేయడానికి డెస్కు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది. వీలైతే ఎడిషన్ ఇన్‌చార్జ్‌లను మొదటి రోజు రెండు గంటలైనా కూర్చోబెట్టండి.

ఇంకో ఇబ్బంది ఉంది, తరగతిలో దీన్ని పైకి ఎవరూ అనరు. మండల విలేకరుల్లో చాలామందికి ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా ఉంటుంది. నిన్న ప్రకటన ఇచ్చిన సర్పంచ్ గురించి ఇవాళ 'పరిష్కారం' కథనం రాస్తే అది మొహమాటపు వార్తే. దాటవేయకుండా మీరే ఎత్తండి. ప్రకటనదారుతో సంబంధమున్న ప్రయత్నాన్ని ఎంచుకోవద్దని, తప్పనిసరైతే పక్క మండలం విలేకరి చేత రాయించాలని నియమం పెట్టండి. కథనం వ్యక్తి పేరుతో కాకుండా పని పేరుతో మొదలవ్వాలన్న చిన్న షరతు కూడా కొంత కాపాడుతుంది.

వర్క్‌షాప్ ముగిసిన ఆరు నుంచి ఎనిమిది వారాలు అసలైన శిక్షణ కాలం. ఒక్కొక్కరి నుంచి రెండు డ్రాఫ్టులు తెప్పించుకుని దిద్దాలి. 14 మందికి 28 కాపీలు, కాపీకి 40 నిమిషాలు వేసుకుంటే దాదాపు 19 గంటల పని. తయారీకి మూడు రోజులు, తరగతులు రెండు రోజులు కలిపితే మీ 'రెండు రోజుల వర్క్‌షాప్' ఏడెనిమిది రోజుల పని. పారితోషికం మాట్లాడేటప్పుడు ఈ లెక్క కాగితం మీద పెట్టండి. నిర్వాహకులు ఎక్కువగా కోత పెట్టాలని చూసేది ఈ తర్వాతి దిద్దుబాటుకే. ఆ భాగం తీసేస్తే ఒప్పుకోవద్దనే మా సలహా. విలేకరులకు ప్రయాణ ఖర్చులు కూడా ముందే రాయించుకోండి.

నెట్ విషయానికొస్తే, శిక్షకురాలు కావడానికి అది అక్కర్లేదు. పైన చెప్పిన స్థిరమైన ఆదాయం కోసం మాత్రం రాయడమే మంచిది. మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం సబ్జెక్టు ఉంది. పీజీలో జనరల్ అభ్యర్థులకు 55 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 50 శాతం మార్కులుండాలి. చివరి ఏడాది విద్యార్థులూ రాయొచ్చు కాబట్టి మీకు ఇప్పుడే అర్హత ఉంది. మూడు గంటల్లో రెండు పేపర్లు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయోపరిమితి లేదు, పరిశోధనకు ఇచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్‌కు ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాలు నెట్ తరహాలో నిర్వహించే సెట్‌లలోనూ జర్నలిజం ఉంది. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే, వర్క్‌షాప్‌కు ముందు, తర్వాత విలేకరులు రాసిన కథనాలను నాలుగు రంగులతో కొలిచి పోల్చడం మంచి పరిశోధనాంశం అవుతుంది. మీరు చేస్తున్న పనే సమాచారమూ అవుతుంది.

ఈ ఏడాదికి క్రమం ఇలా పెట్టుకోండి. మొదటి నాలుగు నెలల్లో మీరే మూడు కథనాలు రాసి అచ్చు వేయించుకోండి. వాటిలో ఒకటైనా 'ఫలితం తేలలేదు' అని తేల్చిన కథనం అయితే మరీ మంచిది, తరగతిలో దానికున్న విలువ గెలిచిన కథలకు ఉండదు. తర్వాత రెండు నెలలు తెలిసిన ఐదుగురు విలేకరుల కాపీలు, మనిషికి రెండు చొప్పున, డబ్బు తీసుకోకుండా దిద్దండి. మొదట వచ్చింది, మీరు దిద్దింది, అచ్చయింది, మూడు రూపాలూ దాచుకోండి. వాళ్ల అనుమతితో పేర్లు తీసేస్తే అవే మీ పాఠ్యపుస్తకం. ఆపైన ఓ అనుభవమున్న శిక్షకుడికి సహాయకురాలిగా రెండు వర్క్‌షాప్‌లు చేయండి. మీ కళాశాలలో జూనియర్లకు ఒక పూట క్లాసు అడిగితే ఎవరూ కాదనరు. రంగు పెన్నుల పాఠం అక్కడ మొదటిసారి ప్రయత్నించండి. పెన్నులు తక్కువ పడకుండా ఇద్దరికి ఒక సెట్టు చొప్పున మీరే తీసుకెళ్లండి.