కొత్త క్రాప్ సెన్సార్ ఫ్లాగ్‌షిప్‌కు ఎంత ధర న్యాయం?

రాబోయే ఫ్లాగ్‌షిప్ (కంపెనీ శ్రేణిలో అన్నిటికన్నా పైది) క్రాప్ సెన్సార్ కెమెరాకు, అంటే ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సార్ ఉన్న కెమెరాకు, పోటీ కెమెరాలతో పోల్చినప్పుడు, ఎంత ధర న్యాయమని మీరు అడిగారు. నేను బరంపురంలో పెళ్లిళ్ల ఫొటోలు తీస్తాను. చలికాలంలో పిట్టల కోసం చిలికా సరస్సుకు వెళ్తుంటాను.

ముందుగా అదే సొమ్ముకు ఏ ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సార్ ఉన్న కెమెరా) వస్తుందో చూడాలి. 2022లో క్రాప్ సెన్సార్ కెమెరాల్లో కెనాన్ ఆర్7 బాడీ (లెన్స్ లేకుండా) అమెరికాలో 1,499 డాలర్లకు, ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-హెచ్2ఎస్ 2,499 డాలర్లకు వచ్చాయి. ఆ ఏడాది చివర వచ్చిన ఫుల్ ఫ్రేమ్ కెనాన్ ఆర్6 మార్క్ 2 ధర కూడా 2,499 డాలర్లే. 2023లో వచ్చిన క్రాప్ సెన్సార్ సోనీ ఏ6700 సుమారు 1,400. కాబట్టి కొత్త కెమెరా 1,500, 2,000 డాలర్ల మధ్య ఉంటే నాకు అభ్యంతరం లేదు. అది దాటితే కారణం చూపించాలి. ఎక్స్-హెచ్2ఎస్‌కు ఆ కారణం ఉంది: అందులోని స్టాక్డ్ సెన్సార్ (సర్క్యూట్లను వెనుక పొరలుగా పేర్చిన సెన్సార్) దృశ్యాన్ని ఎంత వేగంగా చదువుతుందంటే, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో సెకనుకు 40 ఫ్రేములు తీసినా ఎగిరే పిట్ట రెక్క వంకరపోవడం చాలా తక్కువ. 2016లో క్రాప్ సెన్సార్ నికాన్ డీ500కు దాదాపు 2,000 డాలర్లు అడగగలిగారంటే, ఖరీదైన డీ5లోని ఫోకస్ వ్యవస్థనే అందులోనూ పెట్టడం వల్లనే.

ఒకసారి చిలికా ఒడ్డున రంభ దగ్గర తెల్లవారుజామున నాటుపడవలో కూర్చుని ఉండగా బాతుల గుంపు ఒక్కసారిగా నీటి మీద నుంచి లేచింది. మూడు సెకన్లకే బఫర్ (కార్డు మీద రాసేలోపు ఫొటోలు నిలిచే కెమెరా మెమరీ) నిండి షట్టర్ ఆగిపోయింది. కార్డు మీద రాస్తున్నట్టు ఎర్ర దీపం వెలుగుతూ ఉండగానే గుంపు సరస్సులోని బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ దాటిపోయింది. అందుకే ప్రకటనలో ఫ్రేముల సంఖ్య కన్నా బఫర్ లోతును నేను ముందు చూస్తాను.

ప్రతి ఫొటోకూ ఇంకో కాపీ దాచే రెండో కార్డు స్లాట్ విషయంలో మాత్రం నేను రాజీపడను. పర్లాకిమిడిలో ఒక పెళ్లిలో ఒకే స్లాట్ ఉన్న కెమెరాతో తీస్తుండగా కార్డు పాడై తలంబ్రాల ఫొటోలన్నీ పోయాయి. "తలంబ్రాలవి ఏవి బాబూ?" అని పెళ్లికూతురి తండ్రి అడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేదు.

మన దేశంలో 18 శాతం జీఎస్టీ కూడా కలుస్తుంది కనుక డాలరు ధరను నేరుగా రూపాయల్లోకి మార్చి బడ్జెట్ వేయకండి. పిట్టలకు మంచి టెలీ లెన్స్ (దూరంలోని వాటిని దగ్గరగా చూపే లెన్స్) ఇంకా మీ దగ్గర లేకపోతే, విడుదల రోజున బుక్ చేయకుండా ఆ డబ్బుతో ముందు లెన్స్ కొనండి.