జీటీఏ గేమ్ ఆడటం అయిపోయింది, పెద్దగా పేరు రాని మంచి ఓపెన్ వరల్డ్ గేమ్ (ఎటైనా ఇష్టమొచ్చినట్టు తిరగగలిగేది) ఏదైనా ఉందా?

నన్నడిగితే ముందు స్లీపింగ్ డాగ్స్. 2012లో వచ్చింది. మొదట యాక్టివిజన్ అనే గేమ్ కంపెనీ చేతిలో ఉండేది. 2011లో వాళ్లు వదిలేస్తే స్క్వేర్ ఎనిక్స్ అనే ఇంకో కంపెనీ తీసుకుని విడుదల చేసింది. కథ హాంకాంగ్‌లో. వే షెన్ అనే పోలీసు ముఠా మనిషిలా లోపలికి చేరతాడు. ఇటు డ్యూటీ, అటు స్నేహం, మధ్యలో నలిగిపోతాడు. తుపాకుల కంటే చేతి దెబ్బలే ఎక్కువ. ఎదుటివాణ్ణి లాక్కెళ్లి చేపల తొట్టిలో కుక్కొచ్చు!

మనకు ఇంకో సుఖం ఉంది. ఈ గేమ్‌లో మన దగ్గరలాగే బండ్లు రోడ్డుకి ఎడమవైపే నడుస్తాయి, స్టీరింగ్ కుడిపక్క. బెంగళూరు మారతహళ్లి పీజీలో మా రూమ్మేట్ జీటీఏ అలవాటులో కుడివైపు దూరి ఎదురొచ్చిన ట్యాక్సీని గుద్దేశాడు. "ఒరేయ్, రోజూ సిల్క్ బోర్డ్ దగ్గర ఎటువైపు నడుపుతున్నావురా?" అని ఒకటే నవ్వులు. ఈ గేమ్ తయారుచేసిన యునైటెడ్ ఫ్రంట్ గేమ్స్ కంపెనీ 2016లో మూతపడింది. రెండో భాగం రానేలేదు.

తర్వాత మ్యాడ్ మ్యాక్స్. పాపం, 2015 సెప్టెంబర్ 1న, సరిగ్గా మెటల్ గేర్ సాలిడ్ 5 అనే పెద్ద గేమ్ వచ్చిన రోజే వచ్చింది. ఇక దాన్నెవరు చూస్తారు? ఎడారిలో తుక్కు ఏరుకుంటూ కారుని కొంచెం కొంచెంగా బలంగా చేసుకోవాలి. దెబ్బలు తగిలితే సీసాలో నీళ్లే మందు. మిషన్లు పోనుపోను ఒకేలా అనిపిస్తాయి, అది నిజమే. కానీ ఇసుక తుఫాను లేచినప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉండండి. రెండూ పాతవే కాబట్టి సేల్ వచ్చేదాకా ఆగి కొనుక్కోండి.