పార్టీ పదవుల్లో ఎల్‌జీబీటీక్యూ వాళ్ళు ఎందుకు కనపడరు? వైజాగ్‌లో వార్డు స్థాయిలో పనిచేసినవాడిగా నా జవాబు

మీరు అడిగింది ఏంటంటే, వైజాగ్‌లో ఉంటాను, గేని, చిన్నప్పట్నుంచీ రాజకీయాలంటే ఇష్టం, కానీ ఏ పార్టీ చూసినా మనలాంటి వాళ్ళు పదవుల్లో కనపడట్లేదు, ఎందుకలా, నేను చేరితే పైకి వెళ్ళే దారి ఉంటుందా అని. ఇది నేను చాలా దగ్గర్నుంచి చూసిన విషయం కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను. నేనూ గేనే, గాజువాక వైపు వాడిని, ఒక పార్టీలో పోలింగ్ బూత్ పని దగ్గర మొదలుపెట్టి వార్డు స్థాయి దాకా కొన్నేళ్ళు తిరిగాను. పార్టీ పేరు చెప్పను, ఎందుకంటే వేరే పార్టీల్లో ఉన్న ఫ్రెండ్స్‌ని అడిగినా కథ దాదాపు ఇదే.

ముందు అందరూ చెప్పే కారణం సంగతి, జనం ఒప్పుకోరు, ఓట్లు పడవు అని. నేను దీన్ని నమ్మను. 2000లోనే మధ్యప్రదేశ్ సోహాగ్‌పూర్‌లో జనం షబ్నమ్ మౌసీని ఎమ్మెల్యేగా గెలిపించారు, దేశంలో మొదటి హిజ్రా ఎమ్మెల్యే ఆవిడే. 2015లో ఛత్తీస్‌గఢ్ రాయగఢ్‌లో మధుబాయి కిన్నర్ బీజేపీ అభ్యర్థిని నాలుగు వేల పైచిలుకు ఓట్లతో ఓడించి మేయర్ అయ్యారు. వీళ్ళిద్దరూ ఇండిపెండెంట్లు, అంటే ఏ పార్టీ టికెట్టూ లేకుండానే జనం ఓటేశారు. పార్టీ టికెట్ ఇచ్చిన చోట కూడా గెలిచారు, 2022లో వెల్లూరు కార్పొరేషన్‌లో డీఎంకే నుంచి గంగ, అదే ఏడాది డిసెంబర్లో ఢిల్లీ సుల్తాన్‌పురిలో ఆప్ నుంచి బాబీ కిన్నర్ కౌన్సిలర్లయ్యారు. మన తెలుగు రాష్ట్రాల్లో చూడండి, 2018లో గోషామహల్‌లో చంద్రముఖి బహుజన లెఫ్ట్ ఫ్రంట్ నుంచి, 2019లో మంగళగిరిలో తమన్నా సింహాద్రి ఇండిపెండెంట్‌గా, 2023లో వరంగల్ తూర్పులో పుష్పిత లయ బీఎస్పీ నుంచి నిలబడ్డారు. నేను చెప్పిన వీళ్ళందరూ ట్రాన్స్ వాళ్ళే. ధైర్యం వాళ్ళకి ఉంది. కానీ ఆ సీట్లలో గెలిచే అవకాశం ఉన్న పార్టీలేవీ వాళ్ళకి టికెట్ ఇవ్వలేదు కదా.

మరి పార్టీ లోపల ఎక్కడ ఆగిపోతోంది? నా అనుభవంలో ఆగేది పెళ్ళి దగ్గర. వినడానికి వింతగా ఉంటుంది గానీ వివరంగా చెప్తాను.

మన జీవీఎంసీలో (గ్రేటర్ విశాఖ మున్సిపల్ కార్పొరేషన్) 98 వార్డులు, అందులో సగం ఆడవాళ్ళకి రిజర్వ్. ఏ వార్డు ఏ రిజర్వేషన్ కిందికి వెళ్తుందో ఎలక్షన్ దగ్గర పడేదాకా తెలీదు. అందుకని వార్డులో పార్టీ పని చేసే ప్రతి మగాడి దగ్గరా రెండు ప్లాన్లు ఉంటాయి, జనరల్ వస్తే నేను, లేడీస్ వస్తే మా ఆవిడ. ఇది ఎవరూ దాచుకునే విషయం కూడా కాదు, ఫ్లెక్సీలో ఆవిడ ఫోటో పక్కన ఈయన ఫోటో, కొన్నిసార్లు ఈయనదే పెద్దది, మీరూ చూసే ఉంటారు. ఇది ఆడవాళ్ళకి ఎంత అన్యాయమో అది వేరే పోస్టంత విషయం, కానీ మనకి సంబంధించినంత వరకు దీని అర్థం ఏంటంటే పెళ్ళాం లేనివాడు పార్టీ లెక్కలో సగం అభ్యర్థే. అక్కడితో అయిపోదు, ప్రచారంలో ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకి బొట్టు పెట్టి ఓటు అడిగేది ఆ ఇంటి కోడలు, ఖర్చుకి తక్కువ పడితే సర్దేది అత్తారు, పక్క వార్డులో నాలుగు వందల ఓట్లు తిప్పేది వియ్యంకుడి తరఫు బంధువులు. కులం బలం అని మనం అనేది చాలావరకు ఈ పెళ్ళి సంబంధాల బలమే. ఆ వలలో లేనివాడికి ఎంత తెలివి ఉన్నా, ఎంత కష్టపడినా, పార్టీ వాళ్ళకి అతని వెనక ఏమీ కనపడదు.

మరి వాజ్‌పేయి, మాయావతి, మమతా బెనర్జీ పెళ్ళి చేసుకోలేదు కదా అని ఎవరో ఒకరు కింద కామెంట్ పెడతారు, అందుకే ఇప్పుడే చెప్తున్నా. పై స్థాయిలో పెళ్ళి లేకపోయినా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ వెనకాల సంఘమో, ఉద్యమమో, ఒక పెద్ద గురువో ఉంటారు, పైగా దేశసేవ కోసం ఇల్లు వదులుకున్నారు అనే గౌరవం కూడా దొరుకుతుంది. కంచరపాలెంలోనో పెదగంట్యాడలోనో వార్డు ప్రెసిడెంట్ పోస్ట్ అడిగే ముప్పై ఏళ్ళ కుర్రాడికి ఆ గౌరవం ఎవరూ ఇవ్వరు, ఇతనికింకా పెళ్ళెందుకు అవలేదు అనే ప్రశ్నే ఉంటుంది.

నాకు జరిగింది అదే. 2021 జీవీఎంసీ ఎలక్షన్లంటే 2007 తర్వాత మళ్ళీ అవే, ఊరంతా ఒక ఊపులో ఉంది, పద్నాలుగేళ్ళు ఆగిన ఆశావహులందరూ ఒకేసారి బయటికొచ్చారు. మా వార్డు కమిటీలో నా పేరు గట్టిగానే నడిచింది, ఓటర్ లిస్టు పని మొత్తం నేనే చూసేవాడిని, ఎవరు ఇల్లు మారారు, ఎవరు చనిపోయినా పేరు ఇంకా ఉంది, ఎవరికి కొత్త ఓటు కోసం ఫారం 6 పెట్టించాలి, వీధి వీధీ నాకు నోటికి వచ్చు. మా సీనియర్ ఒకాయన మంచిగానే అన్నాడు, "కుర్రోడు బాగా చేత్తన్నాడు గానీ, ముందు పెళ్ళి అవనీ, తరవాత చూద్దారి" అని. నేను నవ్వి ఊరుకున్నా. తర్వాత ఎవరో ఏదో అన్నారు, ఎవరో నా ఫోన్‌లో ఏదో చూశారన్నారు, నాకు ముఖం మీద ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టలేదు, తీసేయలేదు. నువ్వు సోషల్ మీడియా చూసుకో, ఫీల్డ్ వద్దులే అన్నారంతే. ఆ రోజు నుంచి కమిటీ మీటింగ్ ఎప్పుడో నాకు తెలిసేది కాదు, మీటింగ్ ఫోటోలు మాత్రం పోస్ట్ చెయ్యమని నాకే పంపేవారు. గొడవ పడదామన్నా దేని మీద పడాలి, ఎవరూ ఏమీ అనందే. నాకు బాధ కలిగించింది అదే, ఇప్పటికీ తల్చుకుంటే కోపం వస్తుంది.

చట్టం కూడా ఇటువైపే తోస్తోంది. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు మన పెళ్ళిళ్ళని గుర్తించడానికి ఒప్పుకోలేదు, అది పార్లమెంటు చూసుకోవాలంది. అంటే నాకు తోడు ఉన్నా కాగితం మీద ఉండడు, నామినేషన్ అఫిడవిట్‌లో జీవిత భాగస్వామి కాలమ్ ఖాళీయే. పోయిన ఎలక్షన్ దాకా స్థానిక సంస్థల్లో ఇద్దరు పిల్లల కంటే ఎక్కువ ఉంటే పోటీ చెయ్యకూడదు అనే రూల్ ఉండేది, 2024లో అది తీసేశారు, మంచిదే. కానీ అదే సమయంలో ముఖ్యమంత్రి చంద్రబాబు ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలున్నవాళ్ళకే స్థానిక ఎన్నికల్లో అవకాశం ఇచ్చే చట్టం గురించి ఆలోచిస్తున్నామన్నారు. జనాభా తగ్గుతోందనే భయంతో అన్నమాట అది, మనల్ని ఉద్దేశించి కాదు, అయినా అది నిజంగా చట్టమైతే మనలాంటి వాళ్ళు వార్డు మెంబర్‌గా కూడా నిలబడలేరు, ఈ సంగతి ఆ చర్చలో ఎవరికైనా తట్టిందా అంటే నాకు కనపడలేదు. మనవాళ్ళు ఒక్కరైనా ఆ గదుల్లో కూర్చుని ఉంటే తట్టేది. నాయకత్వంలో ఉండాలి అని నేను మొత్తుకునేది ఇందుకే.

ట్రాన్స్ వాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి దాచుకునే వీలు లేదు, కాబట్టి పార్టీ వాళ్ళతో వ్యవహారం కూడా నేరుగా ఉంటుంది. మా ఏరియాలో ఒక అక్క ఉంది, హిజ్రా, పేరు వద్దు. ఈ జిల్లాలో నేను చూసినంతలో అంత పని చేసే కార్యకర్త ఇంకొకరు లేరు. ట్రాన్స్‌జెండర్ పెన్షన్ (ఇప్పుడు నెలకి 4000) తనవాళ్ళకి రావడానికి ఐడీ కార్డు దగ్గర్నుంచి ఆధార్‌లో పేరు మార్పు దాకా కలెక్టరేట్ చుట్టూ తిరిగి చేయించింది, తర్వాత వీధిలో ముసలమ్మలు కూడా తమ కాగితాలు ఆవిడకే ఇవ్వడం మొదలుపెట్టారు. ఎలక్షన్ వస్తే అభ్యర్థికి హారతి ఇవ్వడానికి, దిష్టి తియ్యడానికి, ర్యాలీ ముందు నడవడానికి ఆవిడ కావాలి. మహిళా విభాగంలో పోస్ట్ అడిగితే మాత్రం, పైన మాట్లాడాలమ్మా అంటారు. "మీటింగుకి పిలుత్తారు, కమిటీకి పిలవరు, నాకేటి తెల్దా" అంది నాతో.

ఆవిడకి నేను చెప్పిన ఒక విషయం మీకూ పనికొస్తుంది. 2000 ప్రాంతంలో మధ్యప్రదేశ్ కట్నీలో కమలా జాన్, యూపీ గోరఖ్‌పూర్‌లో ఆశా దేవి, ఇద్దరూ హిజ్రాలే, మేయర్లుగా గెలిస్తే, అవి మహిళా సీట్లు, మీరు మగవాళ్ళు అని కోర్టుల్లో ఎన్నిక కొట్టేశారు. కానీ 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్ వాళ్ళ హక్కుల మీద నల్సా తీర్పు వచ్చాక, ఎవరి జెండర్ వాళ్ళే చెప్పుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు అన్నాక, పరిస్థితి మారింది. 2021 జనవరిలో మహారాష్ట్రలో ఒక ట్రాన్స్ మహిళ నామినేషన్ తిరస్కరిస్తే బొంబాయి హైకోర్టు మహిళా కేటగిరీలోనే పంచాయతీకి పోటీ చెయ్యనిచ్చింది, ఆవిడ గెలిచింది కూడా. 98లో సగం వార్డులు ఆడవాళ్ళవైన ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు. మహిళా సీటుకి ఏ అనుభవమూ లేని భార్యని నిలబెట్టడానికి రెడీగా ఉన్న పార్టీ, పదేళ్ళుగా ఆ వీధుల్లో తిరిగిన ఈ అక్కని ఎందుకు నిలబెట్టదు అని అడగడానికి మన చేతిలో ఇప్పుడు తీర్పు ఉంది.

లెస్బియన్ ఫ్రెండ్స్ గురించి ఎక్కువ రాయలేను, పార్టీలో బయటకి చెప్పుకున్నవాళ్ళు ఒక్కరూ నాకు ఎదురవలేదు. ఆడపిల్ల పార్టీ ఆఫీసుకి ఒంటరిగా వస్తేనే నలుగురూ నాలుగు మాటలంటారు, ఇక ఇది చెప్పుకోవడం ఎక్కడ.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, దారి ఉందా. ఉంది, కాకపోతే ఎన్నికయ్యే పదవి కంటే నియమించే పదవిలో ముందు తెరుచుకుంటోంది. 2019 జనవరిలో కాంగ్రెస్ వాళ్ళు ట్రాన్స్ మహిళ అప్సరా రెడ్డిని మహిళా కాంగ్రెస్ జాతీయ ప్రధాన కార్యదర్శిని చేశారు, 2020లో ఎన్సీపీ ఎల్‌జీబీటీ సెల్ (మనవాళ్ళకి ప్రత్యేక విభాగం) పెట్టింది, 2024 ఆగస్టులో శరద్ పవార్ ఎన్సీపీ అనీష్ గవాండేని జాతీయ అధికార ప్రతినిధిగా వేసింది, ఆయన బాహాటంగా గే. నాకు వీటిలో చివరిదే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే సెల్ పెడితే మనల్ని మళ్ళీ ఒక మూల గదిలో కూర్చోబెట్టినట్టు అవుతుంది, అధికార ప్రతినిధి అయితే ధరల మీదా, ఉద్యోగాల మీదా, అన్నిటి మీదా పార్టీ తరఫున మాట్లాడతాడు. మన దగ్గర ఒక గే కుర్రాడు స్టీల్ ప్లాంట్ ప్రైవేటీకరణ గురించి టీవీలో పార్టీ తరఫున మాట్లాడే రోజు రావాలి, నేను కోరుకునేది అది. బయట చూస్తే ఐర్లండ్‌లో లియో వరద్కర్, వాళ్ళ నాన్న ముంబై నుంచి వెళ్ళిన డాక్టరు, 2015లో మంత్రిగా ఉన్నప్పుడు గే అని చెప్పి 2017లో పార్టీ నాయకుడూ ప్రధానీ అయ్యాడు. ఆయన చెప్పేటప్పటికి మంత్రి, మనకి వార్డు కమిటీ కూడా దాటలేదు, అది మర్చిపోవద్దు.

కాబట్టి మీరు చేరితే, సోషల్ మీడియా పని ఇస్తాం అంటే అది ఒక్కటే తీసుకోవద్దు, అది కనపడకుండా పెట్టే చోటు. బూత్ లెవెల్ ఏజెంట్‌గా మీ పేరు ఎన్నికల అధికారికి పార్టీ ఇచ్చే కాగితం మీద రాయించుకోండి, ఓటర్ లిస్టు పని నేర్చుకోండి, లిస్టు తెలిసినవాడిని వదులుకోవడం ఏ పార్టీకైనా కష్టం. అందరికీ ఇప్పుడే చెప్పాలని లేదు, ఇంట్లో పరిస్థితి, ఉద్యోగం చూసుకుని మీ ఇష్టం, కానీ పార్టీలో నమ్మదగ్గ ఒక్కరికైనా మీరే ముందు చెప్పి పెట్టుకోండి, పుకారుగా వాళ్ళ చెవిన పడకముందే. పెళ్ళెప్పుడు అని అడిగితే అబద్ధం సంబంధాలు చెప్పకండి, నాకు పెళ్ళి ఆలోచన లేదు, నా పని చూసి పోస్ట్ ఇవ్వండి అని ఒకే మాట మీద ఉండండి. గాజువాక, ఎన్ఏడీ వైపు ఉంటే మెసేజ్ చెయ్యండి, ఆ అక్కని కూడా పరిచయం చేస్తాను, ఈసారి వార్డు కమిటీలు వేసేటప్పుడు ఆవిడ పేరు రాతపూర్వకంగా ఇద్దామనుకుంటున్నాం, సంతకాలు కావాలి.