మాల్‌లో దొరికే 7 వేల సైకిల్ కొనాలా, 25 వేలది కొనాలా?

రోజూ కాజీపేట నుంచి హన్మకొండకు ఆఫీసుకు వెళ్లడానికి మాల్‌లోని 7 వేల గేర్ సైకిల్ సరిపోతుందా, 25 వేలు పెట్టాల్సిందేనా అని మీ ప్రశ్న. రోజూ తొక్కేటట్లయితే మాల్ సైకిల్ వద్దంటాను. ఆదివారం పొద్దున భద్రకాళి బండ్ దాకా వెళ్లి రావడానికైతే అదే చాలు.

చవక సైకిల్‌కు ముందూ వెనకా స్ప్రింగులు పెడతారు. చూడటానికి బాగానే ఉంటుంది గానీ, బరువు 17, 18 కిలోలకు చేరుతుంది. పైగా మనం తొక్కే బలంలో కొంత ఆ స్ప్రింగులే మింగేస్తాయి. స్ప్రింగులు లేని మామూలు హైబ్రిడ్ సైకిల్ (రోడ్డు సైకిల్‌కూ, గుట్టల మీద తొక్కే సైకిల్‌కూ మధ్యరకం) 13, 14 కిలోలే ఉంటుంది.

అసలు చిక్కు మాల్‌లో సైకిల్ భాగాలు బిగించే తీరుతో. ఎడమ పెడల్‌కు మర ఉల్టా ఉంటుంది, అంటే ఎడమవైపు తిప్పితేనే బిగుస్తుంది. ఈ సంగతి తెలియని మాల్ కుర్రాడు పానాతో బలవంతంగా తిప్పితే క్రాంకులో, అంటే పెడల్ బిగించే కడ్డీలో, మర పాడవుతుంది. నా మొదటి సైకిల్ పెడల్ నెల తిరక్కుండానే నడిరోడ్డు మీద ఊడిపోయింది, కారణం ఇదే.

చవకదే కొంటే, తొక్కకముందే మంచి మెకానిక్ దగ్గర బేరింగులకు గ్రీజు పెట్టించి, రిమ్ముల బెండు తీయించి, బ్రేకులు సరిచేయించండి. 40 వేలు దాటినవి మీ వాడకానికి అనవసరం. గేర్లు అక్కర్లేదనుకుంటే పాతకాలపు నల్ల సైకిల్ కూడా చూడండి, దాని సామాను ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.