అబ్బాయి ఫిలాసఫీ చదువుతానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా అబ్బాయికి 19 ఏళ్లు. కంప్యూటర్ సైన్స్ అని రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చేరాడు. మొదటి సెమిస్టర్‌లో ఎథిక్స్ (నీతిశాస్త్రం) కోర్సు తీసుకున్నాక, మేజర్ ఫిలాసఫీకి మార్చుకుంటానని పట్టుబట్టాడు. వేదాంతం రిటైరయ్యాక చదువుకోవచ్చని అన్నాను. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. మీరేమంటారు?

జవాబు: మీ టెన్షన్ నాకు అర్థమైందండీ. కానీ ఆ వేదాంతం మాట దగ్గరే మీ ఇద్దరికీ తెగినట్టుంది. ఎథిక్స్ క్లాసులో జరిగేది వేరు. ఆసుపత్రిలో వెంటిలేటర్ ఒకటే ఉంది, రోగులు ఇద్దరున్నారు, ఎవరికివ్వాలి? అరిస్టాటిల్, కాంట్, మిల్ లాంటి తత్వవేత్తలు ఇలాంటి ప్రశ్నలకు ఏ దారి చూపారో చదవాలి, వాళ్ల వాదనలో ఎక్కడ పట్టు తప్పిందో కనిపెట్టాలి, ఆ పైన తన వాదన తాను రాయాలి. బట్టీ పట్టి గట్టెక్కే సబ్జెక్టు కాదు. వాదనల్ని గుర్తుల్లో రాసి పరీక్షించే సింబాలిక్ లాజిక్ కోర్సయితే దాదాపు లెక్కల క్లాసే. ప్రోగ్రామింగ్ నేర్చుకున్న పిల్లలకు అందులో సగం పరిచయమైనట్టే ఉంటుంది.

ఇలాంటి ప్రయత్నానికి కమ్యూనిటీ కాలేజీని మించిన చోటు లేదు. కాలిఫోర్నియాలో ఇలాంటివి 116 ఉన్నాయి. రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు 46 డాలర్ల ఫీజు, అంటే మూడు యూనిట్ల కోర్సు 138 డాలర్లు. పైగా ఎథిక్స్, లాజిక్ లాంటి కోర్సులు చాలావరకు జనరల్ ఎడ్యుకేషన్ కింద, అంటే ఏ మేజర్ వాళ్లైనా చదవాల్సిన కోర్సుల కింద లెక్కకొస్తాయి. రేపు మనసు మార్చుకున్నా చదివింది వృథా కాదు.

ఇక ట్రాన్స్‌ఫర్ సంగతి, అంటే ఇక్కడి నుంచి నాలుగేళ్ల యూనివర్సిటీకి మారడం. ఫిలాసఫీలో ట్రాన్స్‌ఫర్ డిగ్రీ 60 యూనిట్లతో పూర్తి చేస్తే కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థలో సీటు ఖాయం, అయితే కోరుకున్న క్యాంపస్‌లోనే అని కాదు. యూసీ, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లలో డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్‌లకు ట్యాగ్ అనే, అర్హతలుంటే సీటు హామీ ఇచ్చే పథకం ఉంది. వీటిలో ఒక్కదానికే పెట్టుకోవాలి. బర్కిలీ, యూసీఎల్ఏ, శాన్ డియేగో అందులో లేవు. ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో అసిస్ట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. మీరిద్దరూ పక్కపక్కనే కూర్చుని చూడండి.

ఒక హెచ్చరిక. ఫిలాసఫీ పేరుతో యూసీలో చేరి, తర్వాత కంప్యూటర్ సైన్స్‌లోకి దూకేయొచ్చని తెలిసినవాళ్లెవరైనా చెబితే వినకండి. చాలా క్యాంపస్‌లలో ఆ మార్పు చాలా కష్టం. రెండు దారులూ తెరిచి ఉండాలంటే ఇంకో ఏడాది క్యాలిక్యులస్, ప్రోగ్రామింగ్ కోర్సులు వదలొద్దని అబ్బాయికి చెప్పండి. వాటి పక్కనే సింబాలిక్ లాజిక్ తీసుకోమనండి. ఏడాది తర్వాత ఏది కావాలో తనకే తెలుస్తుంది.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ఫిలాసఫీ బీఏతోనే ఆగిపోతే మొదటి ఉద్యోగం వెతుక్కోవడం కష్టం. కమ్యూనిటీ కాలేజీలో పాఠం చెప్పాలన్నా సాధారణంగా మాస్టర్స్ ఉండాలి. ఫుల్‌టైమ్ పోస్టులు తక్కువ, పార్ట్‌టైమ్‌గా రెండు మూడు కాలేజీల మధ్య తిరిగేవాళ్లు ఎక్కువ. అయితే ఇది పై చదువుకు గట్టి పునాది. లా స్కూల్ ఫలానా మేజరే కావాలని అడగదు. లా స్కూల్ ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో 2024 ఆగస్టు నుంచి స్కోరుకు లెక్కలోకి వచ్చే మూడు విభాగాల్లో రెండు లాజికల్ రీజనింగే. పీజీ కోర్సుల ప్రవేశ పరీక్ష జీఆర్ఈలో వెర్బల్‌లో, రైటింగ్‌లో ఫిలాసఫీ విద్యార్థుల సగటు ఏళ్లుగా ముందు వరుసలో ఉంటోంది. మెడిసిన్ వైపు వెళ్లేవాళ్లు రాసే ఎమ్‌క్యాట్ పరీక్షలో చదివి తర్కించే విభాగం ఒకటుంది, దానికీ పనికొస్తుంది.

మీరు రాయనిది ఒకటుంది: వీసా. అబ్బాయి పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే ఈ పేరా వదిలేయండి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి పిల్లలకిచ్చే డిపెండెంట్ వీసా) అయితే మాత్రం నా సలహా మారుతుంది. 21 నిండేసరికి ఆ హోదా పోతుంది, చాలామంది విద్యార్థి వీసా ఎఫ్-1కి మారతారు. చదువయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే అనుమతి, 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ ఉంటే మరో 24 నెలలు కలుస్తాయి, ఫిలాసఫీకి ఆ పొడిగింపు లేదు. ఆ తర్వాత ఉద్యోగ వీసా హెచ్-1బీకి ఉద్యోగానికీ డిగ్రీకీ సంబంధం చూపించాలి. అలాంటప్పుడు స్టెమ్ మేజర్ ఉంచుకుని ఫిలాసఫీని రెండో మేజర్‌గానో మైనర్‌గానో చదవమంటాను. మీ నోటి నుంచి ‘వద్దు’ అని కాకుండా ఈ లెక్క మొత్తం అబ్బాయి ముందు పెట్టండి. పందొమ్మిదేళ్ల పిల్లాడు కారణం చెబితే వింటాడు, పైగా అతను చదువుతానంటున్నదే కారణాలు తూచే విద్య.

అన్నట్టు, ఎథిక్స్ కోర్సులో రాసిన పేపర్ ఒకటి చదవడానికి ఇమ్మని అడగండి. మార్కు చూడొద్దు, మొత్తం చదవండి, అర్థంకాని చోట అడగండి. మాటలు అక్కడ మొదలవుతాయి. ట్యాగ్ దరఖాస్తులు సెప్టెంబరు 1 నుంచి 30 దాకా తీసుకుంటారు. ఆలోగా ఒకసారి కాలేజీ ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి, లోపలికి అబ్బాయినే వెళ్లి మాట్లాడనివ్వండి.