మైకేల్ జాన్సన్ పరుగు తీరు తప్పేనా?

"నిటారుగా నిలబడి, పొట్టి అడుగులతో పరుగెత్తిన అమెరికా పరుగు వీరుడు మైకేల్ జాన్సన్ అన్ని రికార్డులు ఎలా సాధించాడు?" అని అడిగారు. ఆ తీరును అనుకరించి భంగపడ్డవాణ్ణి కనుక జవాబు రాస్తున్నాను.

1996లో నేను ఇంటర్ చదువుతూ 400 మీటర్ల పోటీలకు తయారవుతున్నాను. అట్లాంటా ఒలింపిక్స్ 200 మీటర్ల ఫైనల్ మనకు ఆగస్టు 2 ఉదయం టీవీలో వచ్చింది. బంగారు రంగు స్పైక్స్ వేసుకున్న జాన్సన్ మొదటి అడుగుల్లోనే కాస్త తడబడ్డాడు. అయినా వంపు దాటేసరికి అందరినీ వెనక్కి నెట్టి 19.32 సెకన్లలో ముగించాడు. ఇటలీకి చెందిన మెన్నియా 1979లో నెలకొల్పిన 19.72 సెకన్ల ప్రపంచ రికార్డును 1996 జూన్‌లో 19.66కు దించినదీ ఆయనే. మూడు రోజుల ముందే 400 మీటర్లలోనూ స్వర్ణం గెలిచాడు. ఒకే ఒలింపిక్స్‌లో ఈ రెండూ గెలిచిన మొదటి పురుషుడు ఆయనే.

మర్నాడే నేను సున్నం గీతల మట్టి ట్రాక్ మీద ఛాతీ విరుచుకుని పరుగెత్తాను. మా డ్రిల్లు మాస్టారు "కర్ర మింగావా ఏమిటి?" అన్నారు. 300 మీటర్లు దాటేసరికి తొడలు బిగుసుకుపోయి, చివరి వంద మీటర్లు దాదాపు నడిచాను.

నేను చూసింది ఆయన నడుమును మాత్రమే, వెనకున్న సాధనను కాదు. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో ఆయన కోచ్ క్లైడ్ హార్ట్ ఆ తీరును మార్చే జోలికి పోకుండా, 200 మీటర్ల పరుగులను మళ్ళీ మళ్ళీ చేయించి, సీజన్ సాగేకొద్దీ వేగం పెంచేవారు. చివరి వంద మీటర్లలో మిగతావారు నీరసిస్తుంటే జాన్సన్ వేగం అంతగా తగ్గకపోవడానికి అసలు కారణం ఇదేనని, రెండేళ్ళు అలాగే సాధన చేశాక నాకు అర్థమైంది. పతకాలు రాలేదు గానీ చివరి వంద మీటర్లలో నడవడం మాత్రం మానేశాను.

1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఆహారం వికటించి 200 మీటర్ల ఫైనల్‌కే చేరలేకపోయిన మనిషి, 1999లో సెవిల్‌లో 400 మీటర్లను 43.18 సెకన్లలో పరుగెత్తాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ రిలేలో తనతో పరుగెత్తిన సహచరుడి డోపింగ్ (నిషిద్ధ మందుల వాడకం) బయటపడ్డాక, 2008లో తన స్వర్ణాన్ని తానే తిరిగి ఇచ్చేశాడు. ఆ నిజాయితీని నేను రికార్డుల కన్నా పైన పెడతాను.

2018లో యాభై ఏళ్ళ వయసులో ఆయనకు స్ట్రోక్ వచ్చింది. ఆసుపత్రిలో వాకర్ పట్టుకుని మొదటిసారి నడిచిన దూరం సుమారు 200 మీటర్లేనని, దానికి దాదాపు 15 నిమిషాలు పట్టిందని ఆయనే చెప్పాడు.